మూడో నంబరుకు మూడు డిగ్రీలు

ఆ ఫ్యాక్టరీలో కిటికీ తెరవడానికి వీల్లేని గది ఒక్కటే ఉండేది. అది దోన్కా రష్కోవా గది. బయట మరిత్సా మైదానం మీద ఆగస్టు ఎండ మండిపోతున్నా, కాల్చిన మిరపకాయల ఘాటు ఊరంతా కమ్ముకున్నా, ఆ గది మాత్రం ఇరవై డిగ్రీలకు అర డిగ్రీ అటూ ఇటూ కాకుండా ఉండాలి. లోపల నేలలో పాతిన రాతిపలక మీద ఒక త్రాసు, పచ్చ మఖమలు పెట్టెలో తూకపు గుండ్లు, ఒక మూల వేడినూనె తొట్టి, మరో మూల చితక్కొట్టిన మంచు నింపే ఫ్లాస్కు. మిరపకాయల ముద్దను తూచే కాటాలూ, పులుపు కొలిచే మీటర్లూ, ఆవిరి ఒత్తిడి చూపే గడియారాలూ, థర్మామీటర్లూ తమ వంతు ప్రకారం ఆ గదికి వచ్చి, అసలు ప్రమాణంతో పోల్చి చూపించుకుని, కొత్త చీటీ అంటించుకుని వెళ్ళేవి. పనివాళ్ళు ఆ గదిని ఆసుపత్రి అనేవారు, ఆమెను ఇంజనీరమ్మ అనేవారు. ఆమె చదివింది రసాయనశాస్త్రం. ఆ సంగతి మొదటి ఏడాది ఒకటి రెండుసార్లు చెప్పి చూసి మానుకుంది.

దోన్కా మితభాషి. పొడుగ్గా, కాస్త వంగినట్టు నడిచేది. కోటు జేబులో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డముక్క ఉండేది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే కళ్ళద్దాలు తీసి దానితో తుడుచుకుంటూ వినేది, అందువల్ల తమ మాట ఆమెకు పట్టడం లేదని చాలామంది అనుకునేవారు. నిజానికి ఆమె విన్నది మరిచిపోయేది కాదు.

ఆమె తండ్రి సహకార సంఘంలో ద్రాక్షలు కొనేచోట కాటా దగ్గర పనిచేసేవాడు. కోతల కాలంలో బండ్ల వరుస ఊరి చివరిదాకా సాగేది. బండి దిగిన ప్రతి రైతూ ఆయన వేళ్ళకేసి చూసేవాడు. "రష్కో వేలుకి కూడా బరువుంటుంది" అని వెనక నవ్వుకునేవారు. బడిలో ఆ మాట దోన్కా చెవిన కూడా పడింది. పన్నెండో ఏట ఆమె ఒక ఆదివారం, కాటా దగ్గర ఎవరూ లేని సమయం చూసి, ఇంట్లో కచ్చితంగా తూచిన గోధుమల సంచిని చక్రాల బండి మీద తోసుకుంటూ తీసుకెళ్ళి తూచింది. నాలుగు వందల గ్రాములు తక్కువ చూపించింది. తరవాత బోర్లా పడుకుని కాటా బల్ల కింద చేయి పెట్టి తడిమింది. ఎండిన బురదా, తొక్కిన ద్రాక్ష తొక్కలూ గట్టిపడి బల్లకు అడ్డుపడుతున్నాయి. గీకి తీసేశాక సంచి సరిగ్గా తూగింది. కాటా తప్పు, కానీ ఎవరూ మోసం చేయలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చునని తెలిసిన ఆ మధ్యాహ్నమే ఆమెను ఈ వృత్తిలోకి నెట్టిందని అనుకోవచ్చు. తండ్రికి ఆ సంగతి చెప్పింది. ఆయన కాటా కడిగించాడు గాని, ఊరి నోరు కడగడం ఎవరి తరమూ కాలేదు.

ఫ్యాక్టరీలో తెల్ల చిక్కుడు గింజల్ని టమాటా పులుసులో ఉడికించి గాజు సీసాల్లో నింపి మూతలు బిగించేవారు. పులుపు తక్కువ ఉన్న సరుకది. మూత బిగించాక ఆ సీసాల్ని ఆటోక్లేవ్ అనే పెద్ద ఇనుప తొట్లలో పెట్టి, ఒత్తిడి కింద నూట ఇరవై ఒక్క డిగ్రీల దగ్గర నిర్ణీత సమయం ఉంచాలి. మట్టి నుంచి గింజతో పాటు వచ్చే ఒక క్రిమి విత్తనం మామూలుగా మరిగే నీటికి చావదు. గాలి తగలని సీసాలో అది మేల్కొంటే పుట్టే విషం నరాలను పట్టుకుంటుంది. దాన్ని చంపేది ఆ నూట ఇరవై ఒకటే. అక్కడ మూడు డిగ్రీలు తగ్గితే చంపే శక్తి సగానికి పడిపోతుంది. ఈ లెక్క దోన్కాకు కంఠతా వచ్చు.

నాలుగు ఆటోక్లేవుల్లో మూడోది పాతది. దాన్ని నడిపేవాడు స్తామెన్. బొద్దు మీసం, ఆవిరికి కందిపోయిన ముంజేతులు, నోటినిండా పరాచికం. దానికి ముసలమ్మ అని పేరు పెట్టింది ఆయనే. ముసలమ్మ థర్మామీటరులో అంకెలు చెక్కిన పింగాణీ రేకు ఏనాడో ఒక మర వదులై పైకి జరిగి అక్కడే బిగిసిపోయింది. లోపల నూట ఇరవై ఒకటి ఉంటే అది నూట పద్దెనిమిది చూపించేది. ఏడాదికోసారి దోన్కా దాన్ని విప్పి నూనె తొట్టిలో ముంచి చూసేది. ఎప్పుడూ అదే మూడు, వెంట్రుకవాసి కదలకుండా.

"ఏం ఇంజనీరమ్మా, మా ముసలమ్మకి మళ్ళీ జ్వరం చూస్తున్నావా?" అనేవాడు స్తామెన్.

"చూస్తున్నా స్తామెన్ అన్నా. అదే మూడు. ఎన్నేళ్ళైనా మనసు మార్చుకోదు."

"ఎందుకు మారుస్తుంది! ఆడదాన్ని వయసడిగితే తగ్గించే చెప్తుంది. పాపం, ఇది మూడే తగ్గించింది. మా ఆవిడ గింకా పదేళ్ళు తగ్గిస్తది, దానికి చీటీ అంటించేవాళ్ళే లేరు."

దోన్కా నవ్వేది కాదు గాని, పెదవి ఒక పక్కకు కొంచెం కదిలేది. థర్మామీటరు పక్కన ఆమె ఒక రేకు పలక వేలాడదీసింది: చూపిన అంకెకు మూడు కలపవలెను. గుండ్రటి కాగితం మీద వేడిని గీసే కలాన్ని కూడా నియమం ప్రకారం ఆ థర్మామీటరుతోనే సరిపెట్టింది. కనక కాగితం మీద కూడా మూడో నంబరు గీత నూట పద్దెనిమిది దగ్గరే నడిచేది. ప్రయోగశాలలో ఆ కాగితాలు చూసి సంతకం పెట్టే యానీత్సా అనే అమ్మాయికి చేరిన మొదటి వారమే ఈ సంగతి నేర్పారు. అన్నిటికీ నూట ఇరవై ఒకటి, మూడో నంబరుకు నూట పద్దెనిమిది. కొత్తగా వచ్చినవాళ్ళకు దోన్కా ఒక మాట చెప్పేది: "తప్పు ఎంతో తెలిస్తే అది తప్పు కాదు, లెక్క." ఆ మాట మీద ఆమెకు తనకు తెలియని గర్వం కూడా ఉండేది.

పద్దెనిమిదేళ్ళు అలాగే గడిచాయి. రేకు పలక మీద ఆవిరీ టమాటా రసమూ పేరుకుని అక్షరాలు కనబడకుండా పోయాయి. వాటిని చదవవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ లెక్క కళ్ళు దాటి చేతుల్లోకి చేరిపోయింది.

ఆ ఏడు వసంతంలో గ్యాసు ధర పెరిగింది. ఉడికే సమయాన్ని ఎంతవరకు తగ్గించవచ్చో లెక్కకట్టమని డైరెక్టరు పలాజోవ్ అడిగాడు. దోన్కా కట్టి ఇచ్చింది. నూట ఇరవై ఒకటి కచ్చితంగా నిలిస్తే ఇంతవరకు తగ్గించవచ్చు, ఇంతకు మించి ఒక్క నిమిషం కూడా వీల్లేదు అని రాసింది. అది తప్పు లెక్క కాదు. కానీ అప్పటిదాకా వెసులుబాటుగా ఉన్న అదనపు నిమిషాలు పోయాయి.

శరత్కాలంలో ఒక విదేశీ దుకాణాల సంస్థ చిక్కుడు సీసాలు కొనడానికి ముందుకు వచ్చింది. వాళ్ళ తనిఖీదారు వచ్చి అన్నీ చూశాడు. మర్యాదస్థుడు. మూడో నంబరు దగ్గర నిలబడి మురికి పలకను గోటితో గీకి చదివించుకున్నాడు.

"అబద్ధం చెబుతుందని తెలిసీ ఈ పరికరాన్ని ఎందుకు ఉంచుకున్నారు?" అని అడిగాడు.

దోన్కా వివరించింది. ఆయన చివరిదాకా విని, తల పంకించి, మార్చవలెను అని రాసుకున్నాడు. ఆయన వెళ్ళాక పలాజోవ్ అన్నాడు: "నీ సిద్ధాంతాలు నాకు చెప్పకు దోన్కా. కొత్తది పెట్టు."

కొత్త థర్మామీటరు వచ్చింది. దాని ఇత్తడి తొడుగు మరచుట్లు ముసలమ్మ రంధ్రానికి కుదరలేదు. కొత్త తొడుగు తెప్పించడానికి నెల పడుతుంది. దోన్కా కొత్త గాజునూ కొత్త అంకెల రేకునూ పాత తొడుగులోనే అమర్చింది. నూనె తొట్టిలో చూసింది, అణువంత తేడా లేదు. గీసే కలాన్ని కూడా దానికి సరిపెట్టింది. పాత పలక తీసేసి కొత్తది వేలాడదీసింది: కలపవలసినది సున్నా. చక్కటి పనితనం. అడుగు దూరంలో నిలబడి చూస్తే మునుపటి ఇత్తడే, మునుపటి మసే, ఏ మార్పూ లేదు. సున్నా అని రాసిన పలకను ఆగి చదివేవాడు ఎవడు?

ఆటోక్లేవులు నడిపే వాళ్ళందరినీ ఒక్కొక్కరిగా యంత్రం ముందుకు పిలిచి, ఇకమీదట మూడో నంబరుకు కూడా నూట ఇరవై ఒకటే అని చెప్పి, తిరిగి చెప్పించుకుంది. స్తామెన్ ఒక్కడే లేడు. దోబ్రుజాలో ఆయన అన్న చనిపోతే మట్టి చేయడానికి వెళ్ళాడు.

"స్తామెన్ అన్న రాగానే నువ్వు చెప్పు" అంది షిఫ్టు పెద్ద ప్రోదాన్‌తో.

"చెప్తాలే అక్కా" అన్నాడు ప్రోదాన్, అటుగా పోతున్న బండిని ఆపుతూ.

స్తామెన్ తిరిగివచ్చిన సోమవారం జామ్ నింపేచోట కాటా మొరాయించింది. దోన్కా రోజంతా అక్కడే ఉంది. మర్నాటికి ప్రోదాన్ చెప్పి ఉంటాడనుకుంది. ఇంజనీరమ్మ అందరికీ తానే చెప్పింది కదా, ఈయనకూ చెప్పే ఉంటుంది అనుకున్నాడు ప్రోదాన్. స్తామెన్ నల్ల రిబ్బను కోటుకు గుచ్చుకుని వచ్చి, ముసలమ్మ మూత బిగించి, ఆవిరి వదిలి, పాదరసం నూట పద్దెనిమిది చేరగానే చక్రం తిప్పి వేడిని అక్కడే నిలిపాడు. ఎప్పటిలాగే. కాగితం మీద గీత నూట పద్దెనిమిది దగ్గర నడిచింది. ఎప్పటిలాగే. ఆ సరుకుతో వెళ్ళే కార్డు మీద అచ్చులో ఉన్న నూట ఇరవై ఒకటి కింద సంతకం చేశాడు. యానీత్సా ఆ కాగితం తీసుకుని, మూడో నంబరు అన్న గుర్తు చూసి, గీత చూసి, తానూ సంతకం పెట్టింది.

నవంబరులో దోన్కా కొత్త పరికరం ఎలా పనిచేస్తుందో చూడడానికి వెళ్ళింది. స్తామెన్ డ్యూటీలో ఉన్నాడు. ఆమె ఆయన పక్కనే నిలబడి థర్మామీటరు చూసింది, నూట పద్దెనిమిది. కలం చూసింది, నూట పద్దెనిమిది. రెండూ తేడా లేకుండా ఏకీభవిస్తున్నాయి. తాను చూడవలసింది అదే. తృప్తిగా తలాడించింది.

"ఎలా ఉంది మా ముసల్ది?" అన్నాడు స్తామెన్.

"బాగుంది అన్నా. ఆరోగ్యంగా ఉంది" అంది.

క్రిస్మస్ ముందు రాత్రి ఆ దేశంలో నీచు ముట్టని వంటలు పెట్టుకుంటారు. వంటల సంఖ్య బేసిగా ఉండాలి. పజార్జిక్‌లో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన భార్య బల్ల సర్దుకుని చూసుకుంటే ఆరే అయ్యాయి. ఏడోది కావాలి గనక ఆవిడ బీరువాలోంచి ఒక చిక్కుడు సీసా తీసి, వెల్లుల్లి, ఉల్లి, నూనె కలిపి, వేడిచేయకుండానే పెట్టింది. రెండోరోజు పెద్దాయనకు అన్నీ రెండుగా కనిపించాయి. తరవాత రెప్పలు వాలిపోయాయి, మింగుడు ఆగిపోయింది, చివరికి ఊపిరి. స్పృహ మాత్రం ఆఖరిదాకా ఉందట. ఆవిడ తక్కువ తిన్నది. ఊపిరి యంత్రం మీద వారాలు గడిపి బతికింది.

అధికారులు వచ్చి గోదాములకు సీలు వేశారు. సీసా మూత మీది గుర్తును బట్టి అది మూడో ఆటోక్లేవ్ సరుకని తేలింది. థర్మామీటరు విప్పమన్నారు. వాళ్ళ కళ్ళ ముందు దోన్కా దాన్ని నూనె తొట్టిలో ముంచింది. ప్రమాణపు థర్మామీటరు నూట ఇరవై ఒకటి చూపినప్పుడు ఇదీ నూట ఇరవై ఒకటే చూపించింది. తన పని సరిగానే ఉంది. ఇంకెక్కడో, మూతలోనో సీసాలోనో లోపం ఉండి ఉంటుంది.

అప్పుడు వాళ్ళు ఆ సీసా ఉడికిన రోజు గుండ్రటి కాగితం బల్ల మీద పరిచారు. గీత నూట పద్దెనిమిది దగ్గర సూటిగా, వణుకు లేకుండా నడిచింది.

"ఇది తక్కువ కదా?" అన్నాడు అధికారి.

"లేదండీ, అది మూడో నంబరు" అంది యానీత్సా వెంటనే, బడిపిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు. "మూడో నంబరుకు అంతే. మూడు కలపా..."

అక్కడితో ఆగిపోయింది. తొట్టిలో వేలాడుతున్న థర్మామీటరుకేసి చూసింది. ఆ తరవాత దోన్కా ముఖంకేసి చూసింది. దోన్కా కళ్ళద్దాలు తీసింది గాని తుడవలేదు. నవంబరులో తాను పక్కన నిలబడి చూసిన అంకె ఆమెకు ఆ క్షణంలో మొదటిసారి కనిపించింది.

మూడోరోజు పలాజోవ్ ఆమెను పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాడు. నిద్రలేక కళ్ళు వాచి ఉన్నాయి. బల్ల మీద కాఫీ తాగకుండానే చల్లారిపోయింది.

"కూర్చో దోన్కా. ప్రాసిక్యూటరు స్తామెన్ మీద కేసు పెడుతున్నాడు. కార్డు మీద నూట ఇరవై ఒకటి అని ఉంది. వాడు నూట పద్దెనిమిది దగ్గర ఆపాడు. సంతకం చేశాడు. ముగిసింది."

"ఆయనకు మార్పు తెలియదు."

"చెప్పమని ప్రోదాన్‌కి చెప్పానన్నావు. తనకు ఎవరూ చెప్పలేదంటున్నాడు ప్రోదాన్. సాక్షి ఉన్నారా?"

"లేరు."

"మరి? నిన్ను కూడా పిలుస్తారు. ఒకటే అడుగుతారు, థర్మామీటరు సరిగా ఉందా అని. సరిగానే ఉంది కదా? ఉందని చెప్పు. నేనేమీ అబద్ధం ఆడమనడం లేదు. అడిగినదానికి నిజం చెప్పి రా. ఫ్యాక్టరీలో విధానమే తప్పని తేలితే తాళం పడుతుంది. ఇక్కడ ఎంతమంది తింటున్నారో నీకు తెలుసు."

"తెలుసు."

"ఒక మనిషి పొరపాటు అంటే ఒక మనిషితో పోతుంది. అర్థమైందా?"

దోన్కా లేచి నిలబడింది. ఆయన దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

నిజం చెప్పే మార్గమే ఇంత సుఖంగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. థర్మామీటరు సరిగా ఉంది. అది నిక్కమైన నిజం. నూనె తొట్టి సాక్షి. ఆ ఒక్క వాక్యం పలికితే తన పదవీ విరమణ దాకా ఆ గదిలో ఇరవై డిగ్రీల చల్లదనంలో కూర్చోవచ్చు. నవంబరులో ఆమె ఏం చూసిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. స్తామెన్‌కు కూడా ఆ చూపులోని అర్థం తెలియదు.

రెండు రోజుల తరవాత స్తామెన్ నుంచి కబురు వచ్చింది, ఒకసారి ఇంటికి రమ్మని. ఫిబ్రవరి మొదలు. ఊళ్ళో మగవాళ్ళంతా ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరించి మొదళ్ళలో వైను పోసే పండుగ రోజులు. స్తామెన్ పెరట్లో తీగలు మాత్రం కత్తెర తగలక గజిబిజిగా అల్లుకుని ఉన్నాయి. ఆయన వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. గింకా పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది.

"వచ్చావా ఇంజనీరమ్మా! కూర్చో. గింకా, రకియా సారా పొయ్యవే." గొంతులో పాత హుషారు తెచ్చుకోబోయి కుదరక దగ్గాడు. "చూడు, ఈ లాయరు కుర్రాడికి నా మాట ఎక్కట్లేదు. ముసలమ్మ మూడు తగ్గించి చూపిస్తుందయ్యా, పద్దెనిమిదేళ్ళుగా అంతేనయ్యా అంటే, థర్మామీటరు సరిగా ఉందని కాగితం ఉంది బాబాయ్ అంటాడు. నాకు మతి చెడిందనుకుంటున్నాడు. నువ్వొక్కదానివే చెప్పగలవు. ఆ పలక నీ చేత్తో రాసిందే కదా! మేమూ అదే సరుకు తిన్నాం పండక్కి. మా ఇంట్లో ఎవరికీ తుమ్ము కూడా రాలేదు."

"ఎలా తిన్నారు అన్నా?"

"ఎలా తింటాం, పుదీనా వేసి మళ్ళీ ఉడకబెట్టింది ఇది. నాకు చల్లటిది పడదు."

మరిగితే ఆ విషం విరిగిపోతుంది. దోన్కా గ్లాసు ముట్టలేదు.

"స్తామెన్ అన్నా, ముసలమ్మ ఇప్పుడు మూడు తగ్గించడం లేదు."

"అంటే?"

"నేను మార్చాను. లోపలి గాజూ అంకెల రేకూ కొత్తవి. తొడుగు పాతదే. అక్టోబరులో."

ఆయన మీసం కొన నోట్లోకి తీసుకుని కాసేపు నమిలాడు. "అక్టోబరులో" అన్నాడు. "నేను మా అన్నని పూడ్చిపెట్టడానికి పోయినప్పుడు."

"అవును."

"అయితే అది చూపిన నూట పద్దెనిమిది నిజంగా..."

"నూట పద్దెనిమిదే."

పొయ్యి దగ్గర గింకా చేతిలో గరిటె ఆగిపోయింది. స్తామెన్ తన ముంజేతుల వైపు, ఎవరివో చూస్తున్నట్టు చూసుకున్నాడు. "అయితే ఆ పెద్దాయన్ని నేనే చంపాను" అన్నాడు. "నేను ఇంతకాలం కాదని గొంతు చించుకుంటున్నాను. నిద్రపోతున్నాను కూడా ఇంజనీరమ్మా. తప్పు చేయలేదని పడుకుంటున్నాను."

"నీకు చెప్పమని ప్రోదాన్‌తో అన్నాను. చెప్పాడో లేదో నేను కనుక్కోలేదు."

"ఆగు. నవంబరులో నువ్వు వచ్చావు. నా పక్కనే నిలబడ్డావు. నూట పద్దెనిమిది చూశావు."

"చూశాను."

"బాగుంది అన్నావు. ఆరోగ్యంగా ఉందన్నావు."

"అన్నాను. నాకది నూట ఇరవై ఒకటిగా కనిపించింది అన్నా. నీకు ఎలా కనిపించిందో అలాగే. మార్చింది నేనే. అయినా నా కన్ను మూడు కలుపుకుంది."

అప్పుడు గింకా ఇటు తిరిగింది. "లే" అంది. "లే మా బల్ల దగ్గర్నుంచి. చదువుకున్నదానివి! ఈయనకి అంకెలు నేర్పిందీ నువ్వే, మార్చిందీ నువ్వే, చెప్పకుండా పోయిందీ నువ్వే. ఇప్పుడొచ్చి పక్కింటి కోడి చచ్చిందన్నట్టు చెప్తున్నావు. నీ కళ్ళలో నీళ్ళేవీ? నీ గదిలో వాటిక్కూడా కొలతలుంటాయా?"

"ఊరుకోవే" అన్నాడు స్తామెన్, బలం లేకుండా.

"నేను ఊరుకోను. రేపు నిన్ను జైల్లో పెడితే ఈవిడ వచ్చి తీగలు కత్తిరిస్తుందా?"

దోన్కా తలుపు దాకా వెళ్ళి ఆగింది. "నన్ను అడగకపోయినా చెబుతాను" అంది. ఎవరితో అన్నదో ఇద్దరికీ తెలియలేదు.

దర్యాప్తు అధికారిణి ప్లోవ్దివ్‌లో, రెండో అంతస్తులో కూర్చునేది. జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంది. ప్రశ్నలు ముందే టైపు చేసి ఉన్నాయి.

"మూడో ఆటోక్లేవ్ థర్మామీటరు సరిగా పనిచేస్తోందా?"

"పనిచేస్తోంది."

"తనిఖీ చేసింది మీరేనా?"

"నేనే."

"అంతే. ఇక్కడ సంతకం పెట్టండి."

"ఇంకొకటి ఉంది."

"నేను అడగలేదండీ."

"అడగలేదు. రాసుకోండి."

ఆవిడ రుమాలుతో ముక్కు తుడుచుకుని, కలం మళ్ళీ తెరిచింది. దోన్కా మొదటి నుంచి చెప్పింది: పైకి జరిగిన రేకు, తాను రాసిన పలక, ఆ లెక్క అందరి చేతుల్లోకీ పాకిన తీరు, పాత తొడుగు, స్తామెన్ లేని వారం, తాను ప్రోదాన్‌ను అడగని ప్రశ్న. చివర నవంబరు సంగతి చెప్పింది. రాస్తున్న చేయి అక్కడ ఆగింది.

"మీరు చూశారని ఎవరికీ తెలియదు కదా?"

"తెలియదు."

"అయినా రాయమంటారా?"

"రాయండి. కార్డు మీద అంకె ప్రకారం ఆయన తప్పు చేసినట్టే ఉంటుంది. కానీ ఆ చేతికి మూడు కలపడం నేర్పింది నేను. మరిపించవలసిందీ నేనే. పరికరాన్ని సరిచేశాను గాని, దాన్ని చదివే మనుషుల్ని సరిచూడలేదు. అది నా పనిలో భాగమని నాకు తెలియలేదు."

అధికారిణి చివరి మాట దాకా రాసి కలం మూసింది. "దీంతో ఆయన బయటపడతాడనుకుంటున్నారేమో. ఆయన సంతకం అలాగే ఉంటుంది. పడితే ఇద్దరి మీదా పడుతుంది."

"నేనూ అంతే అనుకున్నాను" అంది దోన్కా.

ఆవిడ చెప్పినట్టే జరిగింది. స్తామెన్ మీద కేసు పోలేదు. ఆయన పేరు కింద మరో పేరు చేరింది. ప్రోదాన్ తనకేమీ తెలియదన్న మాట మీదే నిలబడ్డాడు. విదేశీ సంస్థ ఒప్పందం రద్దు చేసుకుంది. ఏప్రిల్లో చిక్కుడు వరుస ఆగిపోయింది. పని పోయినవాళ్ళలో యానీత్సా కూడా ఉంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గాని, ఇక్కడ పాపం కొందరిదైతే పిడికెడు అందరికీ పంచారు. రొట్టెల దుకాణం వరుసలో దోన్కా నిలబడితే ముందూ వెనకా కాస్త ఖాళీ ఏర్పడేది. నోరు మూసుకుని ఉంటే ఒక్క స్తామెన్‌తో పోయేది కదా అని ఊరివాళ్ళు ఆమెకు వినబడేలాగే అనుకునేవారు. ఆమె పన్నెండో ఏటి నుంచీ వేరువేరనుకున్న పరికరపు తప్పూ మనిషి దోషమూ ఎక్కడ కలుస్తాయో అని ఆలోచించేది. దానికి కొలత దొరకలేదు.

జూన్‌లో విచారణకు పిలిచారు. న్యాయస్థానం నడవాలో ఒకే బల్ల ఉంది. స్తామెన్ ముందే వచ్చి ఒక చివర కూర్చున్నాడు. చిక్కిపోయాడు. పరాచికాలు లేవు. దోన్కా రెండో చివర కూర్చుంది. ఆ వంటింటి తరవాత వాళ్ళు మాట్లాడుకోలేదు. చాలాసేపటికి ఆయన చొక్కా జేబులోంచి ఎండబెట్టిన ఆప్రికాట్లు తీసి, మధ్యలో బల్ల మీద కాగితం పరిచి పెట్టాడు. ఒకటి తీసుకున్నాడు. దోన్కా కూడా ఒకటి తీసుకుంది.

మెట్ల వైపు నుంచి నల్లబట్టల్లో ఒక ముసలావిడ, కూతురి చేయి పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. పజార్జిక్ ఆవిడ. ఊపిరి కుదుటపడింది గాని, ఎడమ కంటి రెప్ప ఇంకా సగం మూసుకునే ఉంది. కూతురు తలుపు వైపు నడిపించబోయింది. ఆవిడ ఆగిపోయింది.

"మీరేనా ఫ్యాక్టరీ వాళ్ళు?" అంది. గొంతులో యంత్రపు గొట్టం మిగిల్చిన బొంగురు. "ఎవరు? మీ ఇద్దరిలో ఎవరు చేశారు ఆ పని?"

"అమ్మా, వద్దు, రా" అంది కూతురు.

దోన్కా లేచింది. నోరు తెరవబోయేలోపే స్తామెన్ కూడా లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"ఇద్దరం అక్కా" అన్నాడు.

ఆవిడ చూపుడువేలితో ఎడమ రెప్పను పైకెత్తి పట్టుకుని, రెండు కళ్ళతోనూ మొదట ఆయన్ని చూసింది, తరవాత దోన్కాను చూసింది. బంట్రోతు వచ్చి పేర్లు పిలిచేదాకా ఆ వేలు దించలేదు.